వగరు

అమ్మకానికి పెట్టిన చీటీలో ఉన్నవి ఇవి:
చేత్తో తిప్పే మర ఒకటి, పిడి కాస్త వదులు.
కొంగ మెడ కెటిల్.
పింగాణీ గరాటు, అంచు పెచ్చూడింది.
గ్రాములో పదోవంతు దాకా తూచే కాటా.
"గింజలు ఊరికే ఇస్తాను, పాతబడకముందే రండి."

వాక్లీ వీధులు గోడకు ఆనించిన నిచ్చెనలు.
షెఫీల్డ్ బస్సు నన్ను కొండ కింద దింపేసి
తన దారిన తను పోయింది.
వాననలేం, మంచనలేం, ఏదో పడుతోంది.
క్లైవ్ ఆలరెన్‌షా తలుపు తీసేసరికి
నా ఊపిరి నాకంటే రెండు మెట్లు ముందుంది.

డబ్బులు లెక్కపెట్టుకోలేదు.
ముందు మర విప్పి చూపించాడు.
ముప్ఫై ఏళ్లు కత్తులకు సానబెట్టిన చేతులు
ఉక్కు పళ్లను గుడ్డతో తుడిచి దీపం వైపు ఎత్తి
"ఫ్యాక్టరీ పదును మొద్దు. ఇది నాది" అన్నాయి.
తర్వాత గింజల సంచీ నా ముక్కు కింద పెట్టి
పరీక్ష ఫలితాలు చదివేవాళ్ల మొహంలోకి చూసినట్టు
నా మొహంలోకి చూశాడు.

"ఏం వాసన?"

నేరేడు పండు.
దానికి ఆయన భాషలో పేరు తోచక ప్లమ్ అన్నాను.
అబద్ధమే.

తల ఊపాడు.
"నిరుడు జ్వరం వచ్చింది. పోతూ పోతూ ముక్కును పట్టుకుపోయింది."
అంతే. కెటిల్ మూత సంగతిలోకి వెళ్లిపోయాడు.

వద్దన్నా నోట్‌బుక్కు కూడా సంచీలో పడేశాడు.
పదిహేను గ్రాములు, రెండొందల నలభై నీళ్లు,
రెండు నిమిషాల నలభై సెకన్లు.
కింద వాలు అక్షరాల్లో:
నారింజ తొక్క. తడిసిన దేవదారు చెక్క.
పెళ్లి కేకులో మిగిలిన ఆఖరి ముక్క.
బస్సులో పేజీలు తిప్పుతూ పోయాను.
మార్చి దాటాక తేదీ మారుతుంది గానీ
మాట మారదు.
వేడి.
వేడి.
వేడి.
ఒకచోట మాత్రం, గోరువెచ్చన.

మా ఇంట్లో హైమవతిది చెంచా పొడి, సలసల కాగే నీళ్లు.
"నువ్వు కాఫీ కాస్తున్నావా, కంసాలి పని చేస్తున్నావా?"
మొదటి నీళ్లకు పొడి ఉబ్బి, నిట్టూర్చి, కుంగుతుంది.
ఆ నిట్టూర్పు కోసం నేను వంగి నిలబడితే
తను నా వెనక నిలబడి ఇంకోటి వదుల్తుంది.

ఈ విద్యంతా ఒక్క దొంగను గుమ్మంలో ఆపడానికే.
మరీ మెత్తగా విసిరితే వాడొస్తాడు.
నీళ్లు తాత్సారం చేస్తే వాడొస్తాడు.
ఓ ఆదివారం ఫోన్లో పడి మర్చిపోయాను,
గరాటులో నీళ్లు నాలుగు నిమిషాలు దాటి నిలిచాయి.
గుక్క తాగితే
బుగ్గల లోపల ఎవరో దారం లాగి ముడేసినట్టు,
పచ్చి జామపిందె కొరికినట్టు.

సింకులో పారబోయబోయి ఆగాను.
దీనికి ముక్కుతో పనేముంది?
ఇది చిగుళ్లది. నాలుక తోలుది.

ఫ్లాస్కు చంకన పెట్టుకుని మళ్లీ కొండెక్కాను.

ఒక గుక్క తాగాడు. దవడ ఆగింది.
పై పెదవిని పళ్లకేసి రుద్దుకున్నాడు.
ఇంకో గుక్క.
"ఏంటిది?"

మీ డాక్టర్ల దగ్గర పొడవాటి మాటొకటి ఉంది,
కప్పు ముందు పలికేది కాదది.
మా దగ్గర మూడే అక్షరాలు, అన్నాను.
"వాగ్గరూ" అన్నాడు.
కాదన్నాను.
మూడోసారికి గకారం తేలికపడింది.

నోట్‌బుక్కు నా సంచీలోనే ఉంది.
పెన్సిల్ నాలికకు తడిపి తేదీ వేశాడు,
"నాలుగు నిమిషాల పది. దరిద్రమైన కాఫీ" అని రాశాడు.
కింద అలవాటు చొప్పున వే దాకా వెళ్లి,
కొట్టేసి,
స్పెల్లింగ్ అడిగాడు.

మర తిరిగి ఇమ్మనలేదు. నేనూ ఇస్తాననలేదు.
నెలకో ఆదివారం కావాలనే ఒక కాఫీ చెడగొడతాను.
చెడగొట్టడానికీ తూకం ఉందని
హైమవతికి ఇంకా చెప్పలేదు.